పులిహోర ట్రే గుమ్మంలోనే ఆగిపోయింది, తప్పేమో తెచ్చినమ్మాయిదట

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రిదాకా పనులు మానేసే యూదుల విశ్రాంతి దినం, షబ్బాత్. అది అయ్యేదాకా ఫోన్ ముట్టకూడదు కాబట్టి ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఆగి రాస్తున్నా. ఈలోగా కోపం చల్లారిపోయి ఉంటుందనుకుంటే మీరు నన్నెరగనట్టే.

జరిగింది చిన్నదే. ఇక్కడ న్యూజెర్సీలో యూదుల ప్రార్థనామందిరం, మా సినగాగ్ నుంచి వారం వారం ఒకటే మెయిల్: "కిద్దుష్‌కి సాయం చేసేవాళ్లు కావాలి." అంటే శనివారం ప్రార్థన అయ్యాక ద్రాక్షారసం మీద ఆశీర్వాదం చెప్పి, అందరూ కూర్చుని తినే భోజనం. కొత్తగా చేరిన కుటుంబంలో తెలుగమ్మాయి ఒకతె ఆ మెయిల్ చదివి, పొద్దున్నే లేచి పెద్ద ట్రే నిండా పులిహోర కలిపి తెచ్చింది. వంటగది గుమ్మంలో పెద్దాయన ఆపేశాడు. ట్రే కోట్లు తగిలించే గదిలో బల్ల కిందికి పోయింది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాం. పైగా వెనకనుంచి ఒకావిడ సన్నాయి నొక్కులు: "మెయిల్లో కోషర్ మాత్రమే అని రాశాం కదా!" కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకి ఒప్పిన తిండి.

రాశారండీ. రెండు మాటలు రాశారు. ఆ రెండు మాటల్లో మూడు వేల ఏళ్ల వంటింటి చట్టం మొత్తం దానంతటదే అర్థమైపోవాలి మరి.

ముందు మన వాట్సాప్ వీరులకు రెండు ముక్కలు. "మన చేతివంట వాళ్లకి అంటు అయిపోయిందా" అని గుండెలు బాదుకున్నారు కదా, ఆగండి. ఇలాంటి వంటగదిలోకి మతగురువు రబ్బీగారి ఇంట్లో కాల్చిన కేకు తెచ్చినా గుమ్మం దాటదు. ఇక్కడ లెక్క గిన్నెది. నిన్న కోడికూర వండిన మూకుడులో ఇవాళ పోపు పెడితే, ఆ మూకుడు పీల్చుకున్నది పోపులోకి వస్తుందని నియమం. అందుకే ఇంటి వంట వద్దంటారు, ఎవరి ఇల్లయినా సరే. నియమాలు గట్టిగా పట్టే ఆర్థోడాక్స్ శాఖ వాళ్ల దగ్గర ఇంకో మెట్టుంది: పొయ్యి వెలిగించడంలో యూదుల చెయ్యి ఉండాలి, కాచని ద్రాక్షసారా సీసాని యూదులు కానివాళ్లు వంచకూడదు. 'మెవుషల్' అని రాసిన సీసా అయితే, అంటే కాచినదైతే, ఎవరు పోసినా ఇబ్బంది లేదు. సాయానికొచ్చినవాళ్ల చేతికి సీసా ఇచ్చేముందు చెప్పాల్సిన సంగతి ఇది. పోసేశాక కళ్లు పెద్దవి చేసి ఏం లాభం?

పులిహోరనే తీసుకోండి. బియ్యం, చింతపండు, పసుపు, వేరుసెనగపప్పు, వీటితో పేచీ పెద్దగా లేదు. ఇంగువతో ఉంది. మనం కొనే డబ్బా ఇంగువలో సగం పైన గోధుమపిండో బియ్యప్పిండో జిగురో ఉంటుంది, ఆ కలిపినదానికి కోషర్ ముద్ర కావాలి. పులిసే ధాన్యం ముట్టని పెసహ్ పండగ వారంలో అయితే గోధుమపిండి కలిసిన ఇంగువ ఇంట్లో ఉండటమే కుదరదు. కరివేపాకు, కొత్తిమీర అయితే ఒక్కో ఆకు చూడాలి. పురుగు తినడం నిషేధం కాబట్టి ఉప్పునీళ్లలోనో సబ్బునీళ్లలోనో నానబెట్టి, కడిగి, వెలుతురుకి ఎత్తి చూస్తారు. నూనె సీసా మీద వలయంలో 'యు' అక్షరం లాంటి గుర్తింపు ముద్ర ఉండాలి. ఒట్టి 'కె' చూసి మురిసిపోవద్దు. ఒంటరి అక్షరాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు, ఎవడైనా అచ్చేసుకోవచ్చు. 'యు' పక్కన 'డి' ఉంటే పాల లెక్క, అది మాంసం భోజనం బల్లమీదికి రాదు. ఆవాల సంగతి పెసహ్‌లో మళ్లీ పంచాయితీ: తూర్పు యూరప్ సంప్రదాయం వాళ్లు బియ్యం, పప్పులు, ఆవాలు ఆ వారం ముట్టరు. మధ్యేమార్గపు కన్సర్వేటివ్ శాఖ న్యాయమండలి 2015లో తినొచ్చని తేల్చింది, అయినా మా అమ్మమ్మ తినలేదు కాబట్టి నేనూ తిననని భీష్మించేవాళ్లు బల్లకి ముగ్గురుంటారు.

ఇదంతా ఒక్క కాగితం మీద పడుతుంది. "అమ్మా, ఇంట్లో వండొద్దు. ముద్ర ఉన్న సరుకులు, సీలు తీయకుండా, శుక్రవారం మధ్యాహ్నం రెండింటిలోపు తెచ్చెయ్. ఇక్కడే, మా గిన్నెల్లోనే వండుదాం. ఎర్ర చీటీ మాంసానికి, నీలం చీటీ పాలకి, ఆకుపచ్చ రెండూ కానిదానికి." అంతే. ఆ అమ్మాయి గురువారమే సరుకులు తెచ్చి పడేసేది. ఈ శనివారం ఎనభై మంది పులిహోర తినేవాళ్లు. దానికి బదులు ఎప్పటిలాగే నూడుల్సో ఆలుగడ్డో కలిపి ట్రేలో కాల్చే ఆ చప్పిడి కుగెల్! 9 అంగుళాలకి 13 అంగుళాల ట్రే, కోస్తే 24 ముక్కలు, 80 మందికి నాలుగు ట్రేలు, అందులో మిరియాలు ఎక్కడున్నాయో భూతద్దం పెట్టి వెతకాలి.

శుక్రవారం అని ఎందుకన్నానంటే, అసలు ప్రాణం అక్కడుంది. శనివారం సాయమంతా శుక్రవారమే అయిపోవాలి. కాఫీ కాచే వంద కప్పుల పాత్ర మరగడానికి గంట పైనే పడుతుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు, ఆలోపే అది నింపి, స్విచ్ వేసి ఉండాలి. బల్లల మీద పరిచే ప్లాస్టిక్ చుట్ట ముందే కత్తిరించాలి, శనివారం చింపకూడదు. మరుగుదొడ్లో కాగితం కూడా ముందే తుంచి పెడతారు. చాలామంది నిమ్మకాయ కూడా పిండనివ్వరు. ఫ్రిజ్‌లో తలుపు తీయగానే వెలిగే బల్బు ముందురోజే తీసేయాలి. హల్లా రొట్టెలు రెండు, రెండూ కొయ్యకుండా అలాగే ఉండాలి, పక్కన కత్తి పెట్టాలి, పైన గుడ్డ కప్పాలి. తిన్నాక కడిగిన ఫోర్కులూ చెంచాలూ తర్వాతికోసమని వేరుచేసి పెట్టకూడదు, ఆ ఏరడం కూడా నిషిద్ధ పనే. ఆదివారం పిల్లల క్లాసుకోసమని శనివారం బల్లలు సర్దకూడదు. ఒకరోజు పని ఇంకోరోజుకి మోయకూడదు. మిగిలింది డబ్బాలో పెట్టి ఇంటికి పట్టుకెళ్లమనడం కూడా, చుట్టూ ఎరువ్ తీగ (షబ్బాత్ రోజు బయట వస్తువులు మోసుకెళ్లడానికి వీలు కల్పించే సరిహద్దు) కట్టని పేటలో కుదరదు. ఇవేవీ చెప్పకుండా కొత్తవాళ్లని రమ్మంటారు. వాళ్లు ఉత్సాహంగా నిమ్మకాయ పిండుతుంటే వెనకనుంచి పది గొంతులు "అయ్యయ్యో!"

నవ్వొచ్చేది ఇంకోటుంది. భోజనం దగ్గర అధ్యక్షులవారు లేచి, "సాయం చేయదల్చినవాళ్లు ఇప్పుడే పేర్లివ్వండి" అంటారు. శనివారం రాయకూడదు మహానుభావా! ఇచ్చిన పేరు ఎవరి బుర్రలో ఉంటుంది? ఇదే సినగాగ్‌లో ఉపవాసం ఉండే యోమ్ కిప్పూర్ పండగ రాత్రి చందాలు అడిగేటప్పుడు మాత్రం కార్డులు అచ్చేయిస్తారు, పెన్ను అక్కర్లేకుండా అంచున మొత్తాలుంటాయి, కావాల్సిన అంకె దగ్గర మడత పెట్టి ఇచ్చేస్తే చాలు. డబ్బుకైతే బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. అదే కార్డుమీద "కుర్చీలు", "వంటగది", "పదో మనిషి" అని అచ్చేసి మడతపెట్టమంటే ఎవరి సొమ్ము పోయింది?

పదో మనిషి అంటే గుర్తొచ్చింది. పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన, కద్దిష్ చెప్పాలంటే పదిమంది పెద్దవాళ్లుండాలి, మిన్యాన్. తల్లో తండ్రో పోయినవాళ్లు పదకొండు నెలలు చెబుతారు. కన్సర్వేటివ్‌లో ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోవచ్చని 1973లోనే తీర్మానించారు, అయినా మంగళవారం పొద్దున ఏడింటికి తొమ్మిదిమందే ఉంటారు. పోయిన తండ్రికోసం వచ్చినాయన గోడ గడియారం చూస్తూ నిలబడతాడు. బోర్డులో కూర్చునేవాళ్లు చాలామంది ఆ వీధిలోనే ఉంటారు. పొద్దున అరగంట వచ్చి కూర్చోవడానికి హీబ్రూ రానక్కర్లేదు, గొంతు బాగుండనక్కర్లేదు. ఒక లెక్క. అంతే. కానీ దానికి ఇత్తడి పలక మీద పేరు చెక్కరు కదా!

అసలు నేర్పడం చేతకాదా అంటే, చేతనవును. హెవ్రా కదీషా వాళ్లని చూడండి, చనిపోయినవాళ్లకి స్నానం చేయించి సాగనంపే బృందం. ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు, నలుగురో ఐదుగురో. కొత్తవాళ్లు మొదటిసారి చూస్తారు, నీళ్లు అందిస్తారు, ఆ తర్వాతే చెయ్యి వేస్తారు. పూర్తి దేహాన్ని ఒకేసారి బయటపెట్టరు, కడుగుతున్నంతమేరకే దుప్పటి తీస్తారు. దేహం మీదుగా ఏ వస్తువూ అందించుకోరు, చుట్టూ తిరిగి వెళ్లి ఇవ్వాలి. చివర తొమ్మిది కవ్‌ల నీళ్లు, దాదాపు 23 లీటర్లు, మూడు బకెట్లలో. ధార తెగకూడదు, మొదటిది అయిపోకముందే రెండోది మొదలవ్వాలి. ధార తెగితే మళ్లీ మొదటినుంచి. అందుకే ఖాళీ బకెట్లతో ముందు వరస చూసుకుంటారు. జేబుల్లేని తెల్లబట్టలు తొడుగుతారు, ముడులు వెయ్యరు, మెలితిప్పి వదులుతారు. చివర పోయినవాళ్ల పేరు పిలిచి, పొరపాటు జరిగి ఉంటే మన్నించమని అడుగుతారు. మెయిల్ పంపి "సాయం కావాలి" అనరు వాళ్లు. పక్కన నిలబెట్టుకుని చూపిస్తారు. మరి బతికున్నవాళ్లకి అన్నం పెట్టే దగ్గర ఈ శ్రద్ధ ఏమైంది?

పండగకి వేసే పందిరి, సుక్కా కట్టే రోజు చూడాలి అసలు తమాషా. కప్పు నేలలో పెరిగినదై, కోసినదై ఉండాలి, ఎండకంటే నీడ ఎక్కువ పడాలి, గోడలు మామూలు గాలికి కదలకుండా నిలవాలి. ముందు గోడలు, ఆ తర్వాతే కప్పు. పార్కింగ్ పక్కన చెట్టుకింద చల్లగా ఉందని అక్కడే కట్టేశారొకసారి, కొమ్మల కింద ఉన్న సుక్కా చెల్లదని సాయంత్రం ఎవరికో గుర్తొచ్చింది. మన పల్లెలో పెళ్లిపందిరికి తాటాకు కప్పినవాడిని ఒక్కణ్ని పిలిస్తే గంటలో వేసి వెళ్లేవాడు, ఇక్కడ పీహెచ్‌డీలు ఆరుగురు.

సరే, పందిరి పోనివ్వండి. నాకు అసలు మండేది గుమ్మం దగ్గర. వంటగది గుమ్మం కాదు, వీధి గుమ్మం.

2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ఒక సినగాగ్‌లో షబ్బాత్ పొద్దున 11 మందిని కాల్చి చంపారు. అప్పట్నుంచీ తలుపులకి తాళాలు, గుమ్మంలో స్వాగతం పలికే వాలంటీర్లు. ఉండాల్సిందే, ఒక్క మాట తీసేయను. కానీ ఆ వాలంటీర్లకి ఏం నేర్పారు? తెల్లగా ఉన్నవాడు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా "షబ్బాత్ షాలోం", చక్కా లోపలికి. మన రంగువాళ్లు వస్తే చాలు మొదలు: "ఎవరింటి అతిథులు?" "మీరు మతం మారారా, పుట్టుకతోనా?" "ఇండియాలో యూదులున్నారా?" ఉన్నారమ్మా. కొచ్చిలో పరదేశీ సినగాగ్ 1568 నాటిది, అప్పటికి మీ న్యూజెర్సీ అనే పేరే లేదు. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్లున్నారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు సినగాగ్ పెట్టుకుని తెలుగు మాట్లాడుతూనే షబ్బాత్ పాటిస్తున్నారు. వాళ్ల మూలాల మీద పండితులు ఎంతైనా వాదించుకోండి, సమావేశాలు పెట్టుకోండి. అక్కణ్నుంచి ఒకతను వచ్చి మీ గుమ్మంలో నిలబడితే మెట్లమీద ఇంటర్వ్యూ చేస్తారా? తప్పు దిద్దుకుని దారిలోకి వచ్చినవాళ్లకి పాత సంగతులు గుర్తుచేయొద్దని యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో ఉంది, బావా మెత్సియా నాలుగో అధ్యాయంలో. మతం మారినవాళ్ల పిల్లలతో కూడా "నీ పెద్దలేం చేశారో గుర్తుందా" అనొద్దని అక్కడే ఉంది. గంటల గంటలు ఇంగువలో పిండి గురించి వాదించేవాళ్లకి ఇది మాత్రం కంటికానదు.

"భద్రత, భద్రత" అని కింద రాయబోతున్నారు కదా, ఆగండి. 2022 జనవరిలో టెక్సస్ కాలీవిల్ సినగాగ్‌లో రబ్బీ ఎవరికి టీ పెట్టి ఇచ్చారో వాడే తుపాకీ తీశాడు, తెలుసు. అక్కడ బందీలుగా చిక్కినవాళ్లు బయటపడింది ముందే తీసుకున్న శిక్షణ వల్ల: రబ్బీ కుర్చీ విసిరారు, మిగిలినవాళ్లతో తలుపువైపు పరుగెత్తారు. శిక్షణంటే అలా పనికొచ్చేది. సంచి చూడండి, చేతులు చూడండి, ఎండాకాలంలో లావుపాటి కోటేసుకొస్తే చూడండి, ఊరికే కారిడార్లలో తిరుగుతుంటే దగ్గరికెళ్లి పలకరించండి. అందరికీ ఒకే తనిఖీ. అవతలివాళ్ల నాయనమ్మ ఏ దేవుణ్ని కొలిచిందో ఏ భద్రతా జాబితాలోనూ లేదు. షబ్బాత్ షాలోం, ఇదిగో పుస్తకం, ఫలానా పేజీలో ఉన్నాం, కూర్చోండి. గుమ్మంలో నిలబడేవాళ్ల డైలాగు అక్కడితో అయిపోవాలి.