బుర్రకథను సన్మానించు విధానం

శివరాత్రి తిరనాళ్ళకు బుర్రకథ పెట్టించాలనుకునే కమిటీల సౌకర్యార్థం ఈ నాలుగు మాటలు. జానపద కళల్ని బతికించాలన్న తపన మన ఊళ్ళలో ఎంత ఉందో ఫ్లెక్సీలు చూస్తేనే తెలుస్తుంది. తపనకేం లోటు లేదు, పద్ధతే తెలియాలి.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు: భుజాన తంబురా, చేతి బొటనవేలికి మోగే ఉంగరంలాంటి అందె, కాళ్ళకు గజ్జెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలనే చిన్న డోళ్ళతో వంతలు. ఒకాయన హాస్యం చూసుకుంటాడు, ఇంకొకాయన రాజకీయం మాట్లాడతాడు. బేరం దగ్గరే పట్టుకోవలసింది ఈ రెండో ఆయన్ని. “మా పందిట్లో అన్ని పార్టీలవాళ్ళూ ఉంటారండీ, ఇప్పటి సంగతులేవీ వద్దు” అంటే చాలు. రోడ్డు గుంతల నుంచి రేషన్ బియ్యం దాకా నలభై ఏళ్ళుగా దేన్నీ వదలని మనిషి ఆ రాత్రికి “తందాన తాన”తో సరిపెట్టుకుంటాడు. ఇంకా పొదుపు కావాలంటే ఒక వంతను ఇంటి దగ్గరే ఉండమనొచ్చు. వంత పాడేవాళ్ళకు కమిటీలో కొరత లేదు కదా.

తర్వాత టైము. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ 12ను దృష్టిలో పెట్టుకుని కరపత్రంలో “రాత్రి 9 గంటలకు బుర్రకథ” అని వేయించాలి. 9కి పిల్లల డాన్సులు, పదింటికి ఆర్కెస్ట్రా, 11.20కి కథ. దళం మాత్రం 8.30కే గజ్జెలు కట్టుకుని స్టేజీ వెనక సిద్ధంగా ఉండాలి. గుడ్డ చుట్టి బిగించి కట్టిన గజ్జెలతో మూడు గంటలు కూర్చుంటే చీలమండలు వాస్తాయి. వాస్తే ఎగరడం తగ్గుతుంది, కొత్త చెక్కల స్టేజీకి అదీ ఒకందుకు మంచిదే.

ఆ మూడు గంటల్లో అసలు పని మంచు చేస్తుంది. గుమ్మెట మూతికి బిగించింది తోలు. చెమ్మ తగిలితే సాగుతుంది, సాగితే శ్రుతి జారుతుంది, “ధుం” అనవలసింది “బొద్” అంటుంది. ఇత్తడి గుమ్మెటైనా, మట్టి గుమ్మెటైనా తోలు తోలే. కాచుకోవడానికి దళంవాళ్ళు రెండు గుప్పిళ్ళ ఎండుగడ్డి అడుగుతారు. సెగకు జానెడు ఎత్తున పట్టుకుని, తిప్పుతూ, నడుమ వేలితో కొట్టి చూసుకుంటూ కాస్తారు. తొందరపడి మంటకు దగ్గరగా పెడితే తోలు అంచు దగ్గర చిట్లుతుంది, ఇక ఆ రాత్రికి అంతే. కాబట్టి “షామియానా దగ్గర నిప్పు వద్దు” అని మనం గట్టిగా చెప్పాలి. భద్రత ముఖ్యం. పూర్వం హాలోజన్ దీపాల ముందు పెట్టి కాచుకునేవాళ్ళు. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి, రంగులు తప్ప వేడి లేదు. సాంకేతిక ప్రగతి కూడా కమిటీ పక్షమే.

సౌండు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, ఆర్కెస్ట్రాకు పెట్టిన సెట్టింగు అలాగే ఉంచాలి. ఎకో అసలు తగ్గించకూడదు. కథకుడు ఊపిరి బిగబట్టి వచనం గుక్కతిప్పుకోకుండా చెబుతాడు చూడండి, అక్కడ ఒక్కో మాట వెనక మాట మీద పడి మొత్తం గంజి అవుతుంది. స్టాండు మైకు ఒకటి చాలు. కథకుడు నాలుగడుగులు ముందుకు, నాలుగు వెనక్కి వేసే మనిషి కాబట్టి సగం కథ మైకులో, సగం గాలిలో పోతుంది. గుమ్మెటలకు మైకు ఎందుకు, కనిపిస్తున్నాయిగా! బాక్సుల్ని మైకు వెనక పెట్టిస్తే వాటి శబ్దమే తిరిగి మైకులోకి దూరి కుయ్యిమంటుంది. జనం చెవులు మూసుకుంటారు, నేరం కథకుడి గొంతు మీదికి పోతుంది.

ఇక ముఖ్య అతిథి. బొబ్బిలి కథకు నిండుగా మూడు గంటలు పడుతుంది. “నలభై నిమిషాల్లో కొట్టేయండి” అన్నాం కాబట్టి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ కోట గోడలూ తీసేసి, 1757 జనవరి 24 యుద్ధాన్ని నాలుగు చరణాల్లో ముగించి, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుణ్ణి నేరుగా శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి తోలేస్తారు. సరిగ్గా అతను కత్తి ఎత్తినప్పుడు ఎమ్మెల్యే గారి కారు రావాలి. కథ ఆపించాలి. కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా అతిథి మైకందుకుని, బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారు పుట్టిన పొన్నెకల్లు గురించీ, 1986లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ గురించీ పావుగంట మాట్లాడాలి. ఆ పావుగంటా విజయరామరాజు నిశ్చింతగా నిద్రపోతాడు.

పనిలో పనిగా చరిత్ర ఒకటి గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు బుర్రకథను మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం నిషేధించాయి. పాపం, తెలివితక్కువ పని. నిషేధిస్తే జనం వెతుక్కుని వెళ్ళి వింటారు. ఆ ప్రభుత్వాలకు శాలువాల సంగతి తెలియదు. శాలువా భుజాన పడితే తంబురా తీగ మూగబోతుంది, రెండోది పడితే గుమ్మెట మీద చెయ్యి ఆడదు. దళానికి ఆరు శాలువాలు చాలు. (దళంలో ముదుర్లు వాటిని వెంటనే గుమ్మెటలకు కప్పి మంచు నుంచి కాపాడుకుంటారు. ఇది నివారించలేం.)

పారితోషికం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆర్కెస్ట్రాకు సగం అడ్వాన్సు, మిగతాది స్టేజీ ఎక్కేముందు. బుర్రకథకు చదివింపులు. 116లూ 516లూ ఎవరిచ్చారో, వాళ్ళ ఇంటిపేర్లతో సహా కథకుడి చేతే చదివించాలి, ఒక్కో పేరుకు ఒక “తందాన” చొప్పున. బస్సు చార్జీలు అడిగితే మెమెంటో చూపించాలి.

12 కొట్టగానే కానిస్టేబులు వస్తాడు, మైకు ఆగుతుంది. ఇక్కడే చాలా కమిటీలు దెబ్బతింటున్నాయి. మైకు పోగానే ఎకో పోతుంది, కూత పోతుంది. శాలువా కింద ఆరిన గుమ్మెట ఖంగుమంటుంది. బుర్రకథ మైకులు రాకముందు నుంచీ ఉన్నది, ఆ గొంతులకు వంద గజాలు ఒక లెక్క కాదు. జాగారం ముసలమ్మలు కుర్చీలు ముందుకు జరుపుకుంటారు, పాపారాయుడి కత్తి ఎట్టకేలకు దిగుతుంది, ఎవరో ఒకరు “రేపు కూడా ఉంటుందా?” అని అడుగుతారు. అందుకే టెంటు అబ్బాయికి ముందే చెప్పి, 12.05 కల్లా కుర్చీలు మడత పెట్టించేయాలి.