దింపుడు కళ్లం, ఆప్నియా పరీక్ష: ఒక వాదోపవాదం

బ్రెయిన్ డెత్, అంటే మెదడు ఇక కోలుకోకుండా ఆగిపోయింది అని చెప్పేశాక కూడా మానిటర్ మీద గుండె గీత నడుస్తూనే ఉంటుంది. ఆ మనిషి పోయినట్టా, ఉన్నట్టా? అప్పుడు అవయవాలు అడగడం ధర్మమేనా? అపరకర్మలు చేయించే పంతులు గారొకరు, ఐసీయూ డాక్టరమ్మ ఒకరు ఇక్కడ తలపడుతున్నారు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్లు చెప్పుకునే పరీక్షలూ చట్టాలూ మాత్రం ఉన్నవే.

పంతులు: డాక్టరమ్మా, ఛాతీ లేస్తోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, యూరిన్ సంచీ నిండుతోంది. మీరేమో పోయాడంటారు. మేం పాడె మోసుకెళ్తూ దారిలో ఒకసారి దింపి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాం. పోయాడని ఊరంతా ఒప్పుకున్నాక కూడా మళ్లీ ఒకసారి చూసుకుంటాం. దింపుడు కళ్లం అంటే అదే కదా. మీకలాంటిది ఏముంది?

డాక్టరు: మాదీ ఒకసారితో తేల్చే పని కాదు పంతులు గారూ. పరీక్షలన్నీ చేసి, కనీసం ఆరు గంటలాగి మళ్లీ చేస్తాం. నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి. అవయవ మార్పిడి చేసే బృందంలోని వాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. ఇక ఛాతీ అంటారా, దాన్ని లేపుతున్నది వెంటిలేటర్. గుండె కొట్టుకోవడానికి మెదడు చెప్పక్కర్లేదు, ఆక్సిజన్ అందుతుంటే కొంతకాలం తనంతట తానే కొట్టుకుంటుంది. ఊపిరి అలా కాదు. అది తీయమని చెప్పేది మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం. బ్రెయిన్ స్టెమ్ అంటాం. ఆ భాగం పోయిందో లేదో చూడ్డానికే ఆప్నియా పరీక్ష.

పంతులు: ఆ పరీక్షేదో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. సంతకాలు చూసి నమ్మమంటే అదీ ఒక విశ్వాసమే, నా విశ్వాసం లాంటిదే.

డాక్టరు: ముందు పది నిమిషాలు నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తాం. రక్తం తీసి కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూస్తాం, పాదరసం మిల్లీమీటర్ల లెక్కలో నలభై దగ్గర ఉండాలి. అప్పుడు వెంటిలేటర్ గొట్టం విడదీసి, శ్వాసనాళంలోకి సన్నని గొట్టం ద్వారా నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున ఆక్సిజన్ వదులుతాం. దుప్పటి తీసేసి ఛాతీనీ, పొట్టనీ కన్నార్పకుండా చూస్తాం. ఎనిమిది, పది నిమిషాలు. ఆ లోపు కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి 60 దాటుతుంది. బ్రెయిన్ స్టెమ్‌లో ఏ కాస్త ప్రాణమున్నా ఆ స్థాయికి ఊపిరి తీసి తీరుతుంది. ఒక్క ఊపిరి కదిలినా అది బ్రెయిన్ డెత్ కాదు, పరీక్ష అక్కడితో ఆపేస్తాం. మధ్యలో బీపీ పడిపోయినా ఆపి వెంటిలేటర్ తగిలిస్తాం. ఇందులో నమ్మాల్సిందేమీ లేదు. ఇంటివాళ్లలో ఒకరిని పక్కన నిలబెట్టి చూపించవచ్చు.

పంతులు: చూపిస్తున్నారా మరి?

డాక్టరు: అన్నిచోట్లా లేదు. చూపించాలనే నేనూ అంటాను.

పంతులు: సరే. కట్లపాము కరిచినవాడి సంగతేమిటి? రెప్ప లేవదు, కనుపాప కదలదు, ఊపిరి ఆడదు. ఆసుపత్రిలో కొన్నాళ్లు మిషను మీద ఉంచితే లేచి కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లని మీ పరీక్షకి పెడితే ఏమయ్యేది?

డాక్టరు: తప్పు ఫలితం వచ్చేది. అందుకే వాళ్లకు ఆ పరీక్ష చేయకూడదు. కట్లపాము విషం నరానికీ కండకీ మధ్య సంకేతాన్ని ఆపేస్తుంది. మెదడు బతికే ఉంటుంది, కండే పలకదు. పరీక్షకు ముందే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. మెదడు దెబ్బతినడానికి కారణం స్పష్టంగా తెలియాలి. ఒళ్లు చల్లబడి ఉండకూడదు. మత్తుమందుల ప్రభావం పూర్తిగా దిగిపోవాలి. కిడ్నీలు పాడైనవాళ్లలో ఆ మందు ఎంతకీ దిగదు, తొందరపడితే అక్కడే పొరపాటు జరుగుతుంది. సోడియం, షుగర్ సరిగా ఉండాలి. ఇవన్నీ చూశాకే టార్చి వేసి కనుపాప చూడటం, చెవిలో మంచునీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూడటం, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందా అని చూడటం. ఆప్నియా పరీక్ష అన్నిటికన్నా ఆఖరున.

పంతులు: అన్నీ అయ్యాక ఉన్నట్టుండి చెయ్యి లేస్తుంది. తల్లి కేక పెడుతుంది. ఏం చెబుతారు?

డాక్టరు: అది వెన్నుపాము చేసే పని. మెదడు పోయినా వెన్నుపాము కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు పనిచేస్తుంది. ఆ మాట చెయ్యి లేవకముందే చెప్పి ఉంచాలి. లేచాక చెబితే ఏ తల్లీ నమ్మదు, నమ్మాల్సిన పనీ లేదు.

పంతులు: ఇప్పుడు నా అసలు ప్రశ్న. మీ హేతువు ప్రకారం మరణమంటే ఒక వాస్తవం. ఇంటివాళ్లు దానానికి ఒప్పుకుంటే ఆ మనిషి ‘మరణించాడు’. ఒప్పుకోకపోతే అదే మనిషి, అదే మంచం, అవే పరీక్షలు, అయినా వెంటిలేటర్ నడుస్తూనే ఉంటుంది, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. సంతకాన్ని బట్టి చావు మారుతుందా అమ్మా?

(ఈ దెబ్బకు తేలికైన జవాబు లేదు.)

డాక్టరు: మారకూడదు. తప్పు వైద్యంలో లేదు, చట్టంలో ఉంది. 1994 నాటి కేంద్ర చట్టం బ్రెయిన్ డెత్‌ను నిర్వచించింది, కానీ అవయవ మార్పిడి కోసమే. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం మాత్రం జీవలక్షణాలన్నీ శాశ్వతంగా పోవడమే మరణమంటుంది. రెండూ కలవలేదు. దాంతో దానం వద్దన్న కుటుంబానికి వెంటిలేటర్ తీయడానికి చాలా ఆసుపత్రులు జంకుతాయి. దానంతో ముడిపెట్టకుండా బ్రెయిన్ డెత్ ధ్రువీకరించడానికి కేరళ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పని అన్నిచోట్లా జరగాలి.

పంతులు: అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1991 నుంచి ఇంకో పద్ధతి ఉంది. మతవిశ్వాసం ఒప్పుకోనివాళ్ల విషయంలో గుండె, ఊపిరి ఆగేదాకా మరణం ప్రకటించరు. ఒక రాష్ట్రంలో శవం, సరిహద్దు దాటితే రోగి. అంటే ఎప్పుడు పోయాడన్నది మీ గొట్టాలతో పూర్తిగా తేలే విషయం కాదన్నమాట.

డాక్టరు: ఏం పోయిందో గొట్టాలు తేలుస్తాయి. అంత పోతే దాన్ని చావు అనాలా అన్నది మనుషులు తేల్చుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ అవతలివైపూ చూడండి. కిడ్నీలు పోయినవాడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో గడుపుతున్నాడు. ఒక్క దాతవల్ల రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, ఊపిరితిత్తులు కొందరికి దక్కుతాయి. పుణ్యమా పాపమా అని పురాణం తిరగేస్తేగానీ ఇది తేలదా?

పంతులు: మీరు చెప్పింది లెక్క. లెక్క చూసుకుని కొడుకును ఇచ్చిన తల్లి లేదు. ఇచ్చేవాళ్లు దధీచినో శిబినో తలుచుకుని ఇస్తారు, లేదా ‘వాడుంటే ఇదే చేసేవాడు’ అని ఇస్తారు. అయితే అమ్మా, దధీచి తన ఎముకలు తానే ఇచ్చాడు. కాళహస్తిలో కన్నప్ప తన కన్ను తానే పెకలించుకున్నాడు. ఇక్కడ భర్తవి ఇవ్వడానికి భార్య సంతకం పెడుతోంది. నా అభ్యంతరం అదీ. కళ్లిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడవుతాడన్న మాట మాత్రం నా దగ్గర ఎత్తకండి. చితిలో కళ్లు మిగులుతాయా?

డాక్టరు: ముందే ప్రతిజ్ఞ పత్రం రాసినా చివరికి ఇంటివాళ్లు ఒప్పుకోవాల్సిందే. అందుకే బతికుండగా ఇంట్లో చెప్పుకోవాలి. ఇక అడిగే తీరు. చావు కబురూ దానం మాటా ఒకే నోట, ఒకే గుక్కలో రాకూడదు. కబురు చెప్పేది డాక్టరు. అది వాళ్ల మనసుకు ఎక్కాక, వేరే గదిలో, అవయవదానం పనులు చూసే కోఆర్డినేటర్ అడగాలి. వద్దంటే అక్కడితో సరి. రెండోసారి బతిమాలడం అనైతికం.

పంతులు: డబ్బున్నవాడికే దక్కుతుందన్న అనుమానం?

డాక్టరు: అవయవం ఎవరికి ముందన్న వరుస రాష్ట్ర రిజిస్ట్రీది. మన దగ్గర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ 2013 నుంచి నడుస్తోంది. అవయవం అమ్మినా కొన్నా కేంద్ర చట్టం కింద ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. అనుమానం పోవాలంటే ఆ వరుస అందరికీ కనబడేలా ఉండాలి, అందులో ఇంకా పని ఉంది.

పంతులు: సరే, ఒప్పుకున్న ఇంట్లో నా పని చెప్పనివ్వండి. తులసి తీర్థం పోయాలి.

డాక్టరు: పెదవుల మీద చుక్క అద్దండి. గొంతులోకి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి దిగితే అవి పనికిరావు. చెవిలో నారాయణ మంత్రం ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లేముందు చెప్పుకోండి, తొందరపెట్టం. తీశాక మామూలు సర్జరీలాగే కుట్లు వేసి అప్పగిస్తాం. యాక్సిడెంట్ కేసైతే పోలీసులకు ముందే చెప్పి, పోస్టుమార్టం కూడా అక్కడే జరిగేలా చూసుకుంటే ఇంటివాళ్లకు మళ్లీ నిరీక్షణ ఉండదు.

పంతులు: మరణ సమయం ఏది రాస్తారు? నాకు ఏటేటా ఆబ్దికానికి తిథి కావాలి.

డాక్టరు: రెండో ఆప్నియా పరీక్ష ముగిసిన సమయం.

పంతులు: గుండె ఆగేది ఆ తర్వాత ఎన్నో గంటలకు, థియేటర్‌లో. ఈలోగా తిథి మారిపోవచ్చు.

డాక్టరు: సర్టిఫికెట్‌లో సమయం ఒకటే ఉంటుంది పంతులు గారూ. ఇంతసేపూ విన్నారు, మీరూ దాన్నే తీసుకోవచ్చుగా?

పంతులు: దానానికి సంతకం పెట్టమని ఆ ఇంటికి నేనే చెబుతాను. తిథి మాత్రం గుండె ఆగిన గడియకే చూస్తాను. ఆ టైము కూడా ఒక కాగితం మీద రాయించి పెట్టండి.