కాసాబ్లాంకాకి ప్రాణం పోసింది వాళ్లిద్దరే కాదు
కాసాబ్లాంకా (1942) అనే హాలీవుడ్ సినిమా మీద వచ్చిన వ్యాసంలో దాని గొప్పతనమంతా హీరోహీరోయిన్లు హంఫ్రీ బోగార్ట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌లదే అని రాశారు, నేనైతే ఒప్పుకోను, వాళ్లు బాగా చేశారు కాదనట్లేదు గానీ ఆ సినిమాకి ప్రాణం పోసింది నాజీల వల్ల యూరప్ వదిలి వచ్చేసిన ఆర్టిస్టులే. నాజీ మేజర్‌గా చేసిన కాన్రాడ్ వైట్ భార్య యూదురాలు, ఆయన 1933లోనే జర్మనీ వదిలేశాడు, అలాంటి మనిషి ఆ యూనిఫామే వేసుకుని నటించడం ఎంత కష్టమో కదా. జూదం టేబుల్ దగ్గర కనిపించే మార్సెల్ డాలియో ఫ్రాన్స్‌లో పేరున్న నటుడు, ఇందులో టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యలేదు. ఆయనతోపాటు ఫ్రాన్స్ నుంచి తప్పించుకొచ్చిన మాడ్లెన్ లెబో, ఫ్రెంచ్ జాతీయగీతం సీన్‌లో కన్నీళ్లతో పాడుతుంటే ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ వ్యాసంలో వీళ్ల గురించి కనీసం ఒక్క పేరా అయినా రాయాల్సింది.