మూడు రంగులు కాదు, ఒకే పువ్వు

రాధామనోహరం తీగకు మూడు రంగుల పూలు పూస్తాయని ఒక వ్యాసంలో రాశారు. పూసేది తెల్ల పువ్వేనండీ, అదే రంగు మారుతుంది. తిరుపతిలో మా గేటు మీద పాకిన తీగలో ఒక మొగ్గకు దారం కట్టి చూశాను. దీపాలు పెట్టే వేళకు తెల్లగా విచ్చింది. మర్నాటికి గులాబీ రంగుకు తిరిగింది. మూడో రోజుకు ఎర్రబడి తల వాల్చేసింది. తెల్లగా ఉన్న రాత్రి ఆ వాసనకు పొడవాటి తొండం ఉన్న చిమ్మటలు వస్తాయి. గొట్టంలా ఉండే పువ్వు కాడ బాగా పొడవు మరి, తేనె అందాలంటే అంత తొండం కావాలి. ఎర్రబడ్డాక పగలు తేనెటీగలు, తేనెపిట్టలు.

ముళ్ల సంగతి ఆ వ్యాసంలో రాయనే లేదు. దీనికి చుట్టుకుని పట్టుకునే నులితీగలు ఉండవు. ఆకు రాలినా తొడిమ మొదలు మిగిలిపోయి ముల్లులా గట్టిపడుతుంది, దాన్ని ఆనుకునే పైకి పాకుతుంది. కొమ్మలు కత్తిరించేవాళ్లు చేతులు జాగ్రత్త!