సైలెన్సర్ రబ్బరు తెగితే బైండింగ్ వైరు కట్టడం మరమ్మతు కాదు

పాత కారు నడిపేవారందరికీ, ముఖ్యంగా మా అనంతపురం లాంటి ఎండ ప్రాంతంలో నడిపేవారికి, చాలా చిన్న వస్తువు గురించి గట్టిగా చెప్పాలని కొన్ని నెలలుగా అనుకుంటున్నాను. కారు కింద సైలెన్సర్ గొట్టాన్ని బాడీకి వేలాడదీసే రబ్బరు గురించి ఈ మాట. అరచేతిలో ఇమిడిపోయే ఆ నల్లటి ముక్కకు రెండు రంధ్రాలుంటాయి. పై రంధ్రంలో బాడీ కొక్కెం, కింది రంధ్రంలో సైలెన్సర్ కొక్కెం దూరి ఉంటాయి. అది తెగినప్పుడు కొత్తది వేయకుండా బైండింగ్ వైరు నాలుగు చుట్లు చుట్టి పంపించే అలవాటు మన షెడ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, అదే సరైన పద్ధతి అని కార్ల యజమానులు కూడా నమ్ముతున్నారు. నేనూ నమ్మాను, నమ్మి నష్టపోయాను.

మాది 2008లో కొన్న మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. పదిహేనేళ్లు నిండిన తర్వాత 2023లో రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకున్నాను. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అంత కట్టి ఐదేళ్లు పొడిగించుకున్న కారును జాగ్రత్తగా చూసుకోవాలన్న పట్టుదల నాకు ఉంది కాబట్టే, కిందటి వేసవిలో తాడిపత్రి నుంచి వస్తూ ఒక స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు వెనుక సీటు కింద 'టంగ్' మని శబ్దం రాగానే ఇంటికి కూడా పోకుండా నేరుగా షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు వంగి చూసి, రబ్బరు తెగిపోయిందని చెప్పి, తీగ చుట్టి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి బిగించాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "ఇంక కదలదు సార్" అన్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. శబ్దం నిజంగానే ఆగిపోయింది కాబట్టి నేను సంతోషంగా వచ్చేశాను.

"ఇంక కదలదు" అన్న ఆ మాటలోనే తప్పంతా ఉందని నాకు అప్పుడు తెలియలేదు. సైలెన్సర్ కదలాలి. కదలడానికి వీలుగానే దాన్ని రబ్బరుతో వేలాడదీశారు.

మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 900 చుట్ల చొప్పున తిరుగుతూ బండి నిలబడి ఉన్నప్పుడు, లోపల సెకనుకు ఇరవై రెండు సార్లకు పైగా మంట రగులుతుంది. ప్రతి మంటకూ ఇంజను తనను బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల మీద కొద్దిగా ఊగుతుంది. దానికి బోల్టులతో బిగించి ఉన్న గొట్టం కూడా ఆ ఊపుతో పాటే ఊగుతుంది. రబ్బరు ఉన్నచోట ఆ ఊపు రబ్బరులోనే చాలావరకు అణగిపోతుంది. తీగ ఉన్నచోట అది నేరుగా బాడీ రేకుకు చేరుతుంది. మరుసటి రోజు ఉదయం సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు సీటు కింద, నేల కింద, డిక్కీ తలుపులో సన్నటి గుర్రుమనే మోత మొదలైంది. కారు ముసలిదైపోయింది కదా అని సరిపెట్టుకున్నాను. పాత కారులో ఏ లోపం కనిపించినా వయసు మీదికి నెట్టేయడం మన అందరికీ ఉన్న దురలవాటు.

ఇక వేడి సంగతి. ఇనుము ఒక్కో డిగ్రీకి, ఒక్కో మీటరు పొడవుకు, మిల్లీమీటరులో దాదాపు 0.012 వంతు సాగుతుంది. వినడానికి ఇది లెక్కలోకి రానంత తక్కువగా అనిపిస్తుంది. కానీ రెండున్నర మీటర్ల గొట్టం సగటున 200 డిగ్రీలు వేడెక్కితే ఆరు మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది, చల్లారగానే మళ్లీ వెనక్కి వస్తుంది. కారు బయటికి తీసిన ప్రతిసారీ ఇది జరుగుతుంది. ఆ ఆరు మిల్లీమీటర్లకు చోటు ఇచ్చేది రబ్బరే. దాని స్థానంలో బిగుతుగా తీగ మెలిపెడితే, పెరిగిన పొడవు తాలూకు ఒత్తిడి అంతా కొక్కేల అతుకుల మీద, గొట్టాన్ని కలిపే ఫ్లాంజి మీద, ముందు ఇంజను పొగను గొట్టంలోకి పంపే మానిఫోల్డ్ బోల్టుల మీద పడుతుంది. వీటిలో ఏది బలహీనంగా ఉంటే అది ముందు పోతుంది.

నా కారులో రెండు నెలలకు కొక్కెం అతుకు దగ్గర విరిగింది, మధ్య ఫ్లాంజి దగ్గర పొగ కారకుండా అతుకులో పెట్టే గ్యాస్కెట్ ఊడింది. బండి తీయగానే 'ఫట్ ఫట్' మని పొగ కారుతున్న శబ్దం వచ్చేది. అదే వారంలో, ఏసీ వేసుకుని కదిరి దాకా పోయి వచ్చిన రోజు, నా భార్య తల దిమ్ముగా ఉందని రెండు మూడు సార్లు చెప్పింది. ఎండ వల్ల అనుకున్నాము. అది పొగ వల్లనే అని ఇప్పుడు నిరూపించలేను, కానీ ఆ రోజు కారు ఆపి అద్దాలు దించాలన్న ఆలోచన నాకు రాలేదే అన్న బాధ మాత్రం ఇంకా పోలేదు. పెట్రోలు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పాత కారు నేల రేకులో ఎక్కడో తుప్పు రంధ్రం ఉంటుంది, గేరు రాడ్డు చుట్టూ ఉండే తొడుగు చిరిగి ఉంటుంది, డిక్కీ రబ్బరు పాడై ఉంటుంది. ఫ్లాంజి దగ్గర కారే పొగకు ఆ దారులు చాలు. మన ఊళ్లో మే నెలలో చెట్టు నీడన బండి ఆపి, ఇంజను ఆపకుండా, పిల్లలను ఏసీలో కూర్చోబెట్టి పనికి వెళ్లే తల్లిదండ్రులను నేను రోజూ చూస్తున్నాను. వారి కారు కింద తీగ కట్టి ఉందో, రబ్బరు ఉందో ఎవరికి తెలుసు?

రెండో షెడ్డులో సైలెన్సర్ మొత్తం పోయిందని, గొట్టంతో సహా మార్చాలని, ఆరువేల ఐదు వందలు అవుతుందని చెప్పారు. అదృష్టవశాత్తూ ఆ రోజు నా దగ్గర డబ్బు లేదు. బళ్లారి రోడ్డులో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్న ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి మిత్రుడు తీసుకుపోయాడు. ఆయన కారును ర్యాంపు మీదికి ఎక్కించి, స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్ డబ్బాను చుట్టూ మెల్లగా తట్టి చూసి, "డబ్బా గట్టిగుంది సార్, తుప్పు లేదు. తీగ కట్టినందుకే కొక్కెం ఇరిగింది. మిగిలిన రబ్బర్లు కూడా చూడండి, ఎట్లయినాయో" అన్నారు. నేను "ఒక్కటే కదా భాయ్ తెగింది?" అన్నాను. ఆయన మాట్లాడకుండా రెండో రబ్బరును ఊడదీసి నా చేతిలో పెట్టారు.

ఆ రబ్బరును నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. మామూలుగా పట్టుకుంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు వేళ్లతో వంచగానే, నీళ్లింకిన చెరువు నేల నెర్రెలు విచ్చినట్టు, అంచు పొడవునా పగుళ్లు తెరుచుకుంటాయి. గుండ్రంగా ఉండవలసిన కింది రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. కొత్త రబ్బరు పక్కన పెట్టి చూస్తే పాతది చిటికెన వేలి మందం పొడవు ఎక్కువ ఉంది. అంటే సైలెన్సర్ అంత మేర కిందికి జారి ఉందన్నమాట. అలా జారిన డబ్బా స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనుక ఇరుసుకు తగిలి శబ్దం చేయకుండా ఎలా ఉంటుంది?

రబ్బరు ఇలా కావడానికి కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. గాలిలో ఉండే కొద్దిపాటి ఓజోన్ సహజ రబ్బరును సాగి ఉన్న చోట కొరుక్కుతింటుంది. బరువు మోస్తూ ఎప్పుడూ సాగి ఉండే వస్తువు కాబట్టి సైలెన్సర్ రబ్బరుకు ఆ పగుళ్లు సులభంగా వస్తాయి. ఓజోన్‌ను తట్టుకోవడానికే ఈ పనికి ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరును ఎక్కువగా వాడతారు. మరీ వేడి తగిలే చోట సిలికోన్ రబ్బరు వేస్తారు. అయినా ఒక పక్క గొట్టం వేడి, ఇంకో పక్క నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో తారు రోడ్డు నుంచి పైకి కొట్టే సెగ, ఈ రెండింటి మధ్య ఏళ్ల తరబడి వేలాడితే ఏ రబ్బరైనా గట్టిపడి పగులుతుంది. వర్షం తక్కువగా పడే జిల్లా కాబట్టి మన కార్లకు కింద తుప్పు తక్కువ. నా డబ్బా పదిహేనేళ్లు దాటినా గట్టిగా ఉండడానికి అదే కారణమని నా నమ్మకం. కానీ అదే ఎండ రబ్బరును తినేస్తుంది. అందుకే డబ్బా బాగుండి రబ్బర్లు మాత్రమే పోయిన కార్లు మన వైపు చాలా ఉంటాయి. వాటికి కొత్త సైలెన్సర్లు అమ్మడం న్యాయం కాదు.

ఆయన పని చేసిన తీరు చెప్పాలి, ఎందుకంటే అందులో తొందర లేదు. ముందు గొట్టం పూర్తిగా చల్లారేదాకా ఆగారు. డబ్బా కింద చెక్క ముక్క పెట్టి, జాకీతో దాని బరువును కొద్దిగా ఎత్తి పట్టారు. విరిగిన కొక్కేన్ని గ్యాస్ వెల్డింగ్‌తో అతికించి, మిగతా కొక్కేలకు పట్టిన మురికిని ఎమ్రీ పేపరుతో రుద్ది నునుపు చేశారు. కొక్కెం చివర రబ్బరు జారిపోకుండా ఉబ్బు ఉంటుంది. అది మురికితో ఉంటే రబ్బరు ఎక్కేటప్పుడే లోపల చిరుగుతుందట. కొత్త రబ్బర్లను వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి, సబ్బు నీళ్లు పూసి, ఒక్కొక్కటిగా, ఒకటి తీసి ఒకటి వేస్తూ ఎక్కించారు. పక్కనున్న కుర్రవాడు గ్రీజు డబ్బా అందించబోతే వద్దన్నారు. గ్రీజు, ఇంజనాయిలు ఈ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. కానీ సబ్బు నీళ్లు ఆరిపోతాయి, రబ్బరుకు ఏ హానీ చేయవు. అన్నీ వేసిన తర్వాత ఇంజను నడిపి, గొట్టం వేడెక్కాక, డబ్బాకూ బాడీకీ మధ్య చుట్టూ వేలు పట్టేంత సందు ఉందో లేదో చూశారు.

నాలుగు రబ్బర్లకు 320 రూపాయలు, కూలి 200. కొక్కెం వెల్డింగ్, గ్యాస్కెట్, తుప్పు పట్టి విరిగిన రెండు స్టడ్లు (తల లేని బోల్టులు) కలిపి ఇంకో రెండు వేల పైచిలుకు అయ్యాయి. ఆ రెండు వేలూ తీగ పెట్టించిన ఖర్చే.

తీగ తర్వాత మన షెడ్లలో ఎక్కువగా కనిపించేది పాత టైరు ముక్క. టైరు కూడా రబ్బరే కదా అని వాదిస్తారు. టైరు రబ్బరును చేసింది వేరే పనికి. లోపలి నారతో, ఉక్కు తీగలతో అది ఈ రబ్బరులా సాగదు. రంధ్రం పొడిచిన చోట అంచు చిరుగుతూ పోతుంది. దారిలో ఆగిపోయినప్పుడు, గుత్తి దగ్గరో పెనుకొండ దగ్గరో హైవే మీద గొట్టం నేలకు రాసుకుంటూ ఉంటే, ఊరు చేరడానికి తీగ కట్టడంలో తప్పు లేదు. ఆ పరిస్థితిలో నేనూ కడతాను. ఊరు చేరిన తర్వాత కూడా ఆ తీగను అలాగే వదిలేయడం మీదనే నా కోపం. డూప్లికేట్ రబ్బర్ల విషయంలో కూడా జాగ్రత్త పడండి. చేతితో నొక్కితే మరీ మెత్తగా, స్పాంజిలాగా ఉంటే తీసుకోకండి. కారు మోడల్, సంవత్సరం చెప్పి దానికి సరిపోయేదే అడగండి. పొడవు తేడా ఉన్న రబ్బరు వేస్తే డబ్బా ఒక పక్కకు ఒరుగుతుంది. ఒకటి తెగితే అన్నీ మార్చండి, ఎందుకంటే అవన్నీ ఒకే వయసువి, తెగినదాని బరువును మిగిలినవి ఇన్నాళ్లూ మోశాయి.

1948 నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉన్న ఊరు మాది. పెనుకొండ దగ్గర 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్నాయి. కార్ల గురించి ఇంత తెలిసిన ప్రాంతంలో, షెడ్డులో చేరిన పదహారేళ్ల కుర్రవాడికి తీగ ఎందుకు కట్టకూడదో చెప్పేవారు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. వాడి తప్పు లేదు. వాడికి నేర్పినవారు అలాగే నేర్పారు, వంద రూపాయలకు పని అయిపోవాలని మనలాంటివారు అలాగే అడిగాము. ఇకనుంచి షెడ్డులో అడిగే తీరు మార్చుకుందాం. రబ్బరు షాపులో దొరక్కపోతే రెండు రోజులు ఆగుతామని చెప్పండి. తీసిన పాత రబ్బర్లను మీ చేతికి ఇమ్మని అడిగి, వంచి చూడండి.

పని అయిపోయిన తర్వాత ఆ పెద్దాయన బానెట్ ఎత్తించి, నన్ను యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కమన్నారు. ఇంజను ఎడమ పక్కకు మామూలు కన్నా ఎక్కువ ఒరిగింది. "ఈ మౌంటింగు కూడా కూర్చుంది సార్. ఇంజను ఇంతగా ఊగితే కొత్త రబ్బర్లు కూడా తొందరగానే పోతాయి, నెలలోపల మార్చుకోండి" అన్నారు. ఆ మౌంటింగును కర్నూలు నుంచి తెప్పిస్తున్నాను. వచ్చే ఆదివారం బండి మళ్లీ ఆయన దగ్గరికే పోతుంది.