వెస్ట్‌మినిస్టర్ గారి డూపులు

సినిమా పరిశ్రమలో డూపుల బాధలు కొత్తవి కావు. మేడ మీంచి దూకేది ఒకరు, కింద లేచి దుమ్ము దులుపుకుని డైలాగు చెప్పేది ఇంకొకరు. దీని మీద వ్యాసాలు వచ్చాయి, సంఘాలు వచ్చాయి, సంఘాల్లో చీలికలూ వచ్చాయి. కానీ తొమ్మిదొందల ఏళ్లు పైబడిన వయసులో, పునాదులు కుంగుతున్నా పైకప్పు కారుతున్నా పిలిచిన యూనిట్‌కల్లా తలుపులు తీసి డూపు వేషం వేస్తున్న పెద్దల గురించి ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు. లింకన్, ఈలీ, వించెస్టర్, డరమ్, గ్లోస్టర్. అందరూ ఇంగ్లండులో పేరున్న కేథడ్రళ్లే, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చిలే. వారి పక్షాన ఈ మహజరు.

గొడవంతా లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే చర్చి దగ్గర మొదలవుతుంది. 1066 నుంచి ఇంగ్లండు రాజుల పట్టాభిషేకాలకి అదే వేదిక కాబట్టి, రాజుల కథ తీసే ప్రతి దర్శకుడికీ అదే కావాలి. ఆ హీరోగారేమో కథాచిత్రాలకి డేట్లివ్వరు. టీవీకి ఇస్తారు గానీ అదీ నిజం రాజు నిజంగా వచ్చినప్పుడే. అప్పుడు కూడా షరతులు. 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని బీబీసీ ప్రత్యక్ష ప్రసారం చేస్తే, తైలాభిషేకం ఘట్టాన్ని మాత్రం కెమెరా కంట పడనివ్వలేదు. 2023లో చార్లెస్ వంతు వచ్చినప్పుడు చుట్టూ తెరలు నిలబెట్టారు. క్లైమాక్స్ ఒక్కటీ తప్ప మిగతా సినిమా అంతా చూసుకోమన్నమాట.

పైగా, ఈ హీరోగారు అసలు కేథడ్రలే కాదు. 1540లో ఆ హోదా దక్కింది, పదేళ్లలో ఊడిపోయింది. ఇప్పుడు ఏ బిషప్ అదుపులోనూ లేకుండా నేరుగా రాజుగారి కిందే ఉంటుంది. కేథడ్రల్ కాని పెద్దమనిషికి అసలు సిసలు కేథడ్రళ్లు డూపు వేస్తున్నాయి. వినేవాళ్లుంటే ఈ ఒక్క పాయింటు మీదే ధర్నా చెయ్యొచ్చు.

డూపుల్లో సీనియర్ లింకన్. ఒకప్పుడు దాని మధ్య శిఖరం ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడమని పేరు. 1548లో ఆ శిఖరం కూలింది. ఎత్తు పోయిన హీరో క్యారెక్టర్ వేషాల్లోకి దిగడం ఏ పరిశ్రమలోనైనా ఉన్నదే.

2005 ఆగస్టులో, నవల ఆధారంగా తీస్తున్న ‘డా విన్సీ కోడ్’ సినిమా బృందానికి అబ్బేలో ఉన్న న్యూటన్ సమాధి అవసరం పడింది. ఆ నవలలో దైవశాస్త్రం సరిగా లేదని అబ్బేవారు గుమ్మంలోంచే పంపేశారు. యూనిట్ లింకన్ తలుపు తట్టింది. లింకన్ పెద్దలకీ ఆ కథ మీద ఏమంత గౌరవం లేదు గానీ, లక్ష పౌండ్ల విరాళం అన్నాక కాస్త మర్యాద కలిగింది. చాప్టర్ హౌస్ అనే సమావేశ మందిరం రాతి గోడలకి దెబ్బ తగలకుండా పైన ఓ పొర బిగించి, దాని మీద బొమ్మలు గీశారు. న్యూటన్‌కి నకలు సమాధి కట్టారు. న్యూటన్ పుట్టింది ఈ లింకన్‌షైర్ జిల్లాలోనే, వూల్స్‌థోర్ప్ అనే పల్లెలో. అసలు సమాధి లండన్లోనే ఉండిపోయినా, డూపు సమాధి మాత్రం సొంత జిల్లాకి చేరుకుంది.

ఆ రోజుల్లో రెండు వింతలు జరిగాయి. గంట గంటకీ మోగే ‘గ్రేట్ టామ్’ అనే పెద్ద గంటని షూటింగ్ అయ్యేదాకా మోగనివ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాని నోరు కట్టెయ్యడం అదే మొదటిసారి. ఒకసారి హిట్లర్ కోసం, ఒకసారి సౌండ్ ఇంజనీరు కోసం. రెండోది, 61 ఏళ్ల సన్యాసిని ఒకావిడ బయట మోకాళ్ల మీద కూచుని 12 గంటలు ప్రార్థన చేసింది. లోపల కాల్షీటు ఎంతసేపో తెలీదు గానీ, బయట మాత్రం ఓవర్‌టైమే.

ఒకసారి వేషం పడ్డాక ఇంక ఆగుతుందా? 2009లో యువ విక్టోరియా పట్టాభిషేకం లింకన్లో. 2019లో ఐదో హెన్రీ పట్టాభిషేకం లింకన్లో. ఇదంతా సొంత దేశం వ్యవహారం, సర్దుకుపోవచ్చు. 2023లో ‘నెపోలియన్’ సినిమా వచ్చింది. ఆయన పట్టాభిషేకం 1804లో ప్యారిస్ నోత్రదామ్‌లో జరిగింది. షూటింగ్ నాటికి ఆ నోత్రదామ్ 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదం తర్వాత ఇంకా మరమ్మతుల్లోనే ఉంది. అప్పుడు నోత్రదామ్ వేషం వేసిందెవరనుకున్నారు? లింకనే. ఇంగ్లండు ఏళ్ల తరబడి ఎవరితో యుద్ధం చేసిందో, ఎవర్ని చివరికి సెయింట్ హెలీనా దీవిలో పడేసిందో, ఆ నెపోలియన్‌కి ఇంగ్లీషు గుడిలో కిరీటం పెట్టించారు. నటుడికి దేశభక్తి అడ్డు రాకూడదంటారు గానీ, మరీ ఇంతా?

ఈలీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ‘ది కింగ్స్ స్పీచ్’ సినిమాలో అబ్బే అదే. ‘ది క్రౌన్’ సీరియల్లో ఎలిజబెత్, ఫిలిప్‌ల పెళ్లి జరిగిన అబ్బే కూడా అదే. 1322లో మధ్య గోపురం కూలిపోతే దాని స్థానంలో ఎనిమిది పలకల అద్భుతమైన లాంతరు గోపురం కట్టుకుందీ గుడి. మరే గుడికీ అలాంటిది లేదు. అందుకే కెమెరామన్ పైకి చూడకూడదు. డూపు మొహం ఫ్రేములో పడకుండా చూసుకోవడం మనవాళ్లకి మాత్రం తెలీని విద్యా?

వించెస్టర్ కాస్త గడుసుది. ‘ది క్రౌన్’లో లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కి డూపు వేసింది. డా విన్సీ వాళ్లకీ చోటిచ్చి, వాళ్లిచ్చిన డబ్బుతోనే ఆ నవల్లో ఉన్నదంతా అబద్ధమని చెప్పే ప్రదర్శన పెట్టి, ఉపన్యాసాలు ఇప్పించింది. నిర్మాత డబ్బుతోనే ఆ సినిమాకి వ్యతిరేకంగా ప్రచారం చేసిన ఆర్టిస్టు మా ఎరుకలో ఇంకొకరు లేరు.

కానీ నా కడుపుమంట వేరే. వించెస్టర్‌కి సొంత కథ ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. బురదనేల మీద కట్టిన గుడి అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తూర్పు కొస మునిగిపోతోంది. పునాది కోసం గుంటలు తవ్వితే నీళ్లు. తోడితే గుడే కూలుతుంది. అప్పుడు విలియం వాకర్ అనే గజ ఈతగాణ్ణి దించారు. 1906 నుంచి 1911 దాకా, మందపాటి సూటు, ఇత్తడి తలకాయ తొడుక్కుని, చెయ్యి చూసుకుంటే కనిపించని మురికినీళ్లలో, తడుముకుంటూ 25 వేలకు పైగా కాంక్రీటు సంచులు పేర్చాడు. ఒక్కడే. పైన ప్రార్థనలు నడుస్తుంటే కింద చీకట్లో గుడిని మోసినవాడు. హీరో, ఎలివేషన్, నీళ్ల కింద షాట్లు, అన్నీ రెడీగా ఉన్నాయి. మనవాళ్లయితే ఇంటర్వెల్ బ్యాంగు కూడా రాసిపెట్టేసేవారు.

ఇక్కడ కూడా డూపు గొడవే. 1960ల్లో వాకర్ జ్ఞాపకార్థం కేథడ్రల్లో విగ్రహం పెట్టారు. కింద పేరు వాకర్‌ది, పైన మొహం ఇంజనీర్ ఫ్రాన్సిస్ ఫాక్స్‌ది. ఫొటోలో ఎవరు ఎవరో శిల్పి పొరబడ్డాడు. నీళ్లలో దిగింది ఒకరు, విగ్రహం ఎక్కింది ఇంకొకరు. సరిదిద్ది కొత్త విగ్రహం పెట్టేసరికి 2001 వచ్చింది.

డరమ్‌కి జరిగింది ఇంతకంటే ఘోరం. వైకింగులనే సముద్రపు దొంగలు పడవలేసుకొచ్చి కొల్లగొడుతుంటే 875లో లిండిస్‌ఫార్న్ దీవి సన్యాసులు తమ కత్‌బర్ట్ మహర్షి దేహాన్ని భుజాన వేసుకుని పారిపోయారు. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి 995లో డరమ్ చేరారు. ఆయన సమాధి చుట్టూ 1093లో ఈ కేథడ్రల్ కట్టడం మొదలైంది. అంటే గుడి ఉన్నదే వైకింగుల భయం వల్ల. 2019లో విడుదలైన ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ సినిమా వాళ్లు వచ్చి దీనికి ఏ వేషం ఇచ్చారయ్యా అంటే, అస్గార్డ్. వైకింగులు మొక్కే థార్ దేవుడి ఇల్లు. కత్‌బర్ట్ మహర్షి ఎవర్నించి తప్పించుకొచ్చాడో, వాళ్ల దేవుడు సుత్తి కోసం ఆయన గుళ్లోనే చెయ్యి చాపాడు. రకూన్ అనే జంతువు కూడా వెంట ఉంది, అది వేరే కథ.

మన సినిమాల్లో చర్చి ఉండదా అంటే, ఉంటుంది. పాపం దానికి డూపు కష్టాల్లేవు, ఎందుకంటే పాత్రే లేదు. వాన పడాలి, తలుపు దడాల్న తెరుచుకోవాలి, నెత్తురోడుతున్న హీరో కొవ్వొత్తుల ముందు కూలబడాలి. తెల్లగౌను హీరోయిన్ పెళ్లి ఆఖరి నిమిషంలో ఆగిపోవాలి. ఫాదర్ గారికి ఒకే మాట, ‘దేవుడు నిన్ను దీవించుగాక మై సన్’. మెదక్‌లో కరువు రోజుల్లో పనీ తిండీ లేని జనానికి కూలి ఇచ్చి పదేళ్లు కట్టించి, 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచిన కేథడ్రల్ ఉంది. కట్టించిన పోస్నెట్ దొర గురించి, రాళ్లు మోసిన ఆ కూలీల గురించి కథ రాసుకునే ఓపిక మనకెక్కడిది? సెట్టు వేసుకుంటే చవక.

సరే, మహజరులో కోర్కెలు. ఒకటి, టైటిల్సులో ‘కృతజ్ఞతలు’ కింద చీమలంత అక్షరాల్లో వెయ్యకుండా, కేథడ్రల్ పేరు నటుల మధ్యే పడాలి. రెండు, పరాయి దేశపు చక్రవర్తికి కిరీటం పెట్టించేటప్పుడు గుడి అంగీకారం రాతమూలకంగా తీసుకోవాలి. మూడు, గ్లోస్టర్‌కి న్యాయం చెయ్యాలి.

ఈ మూడోదానికి కాస్త ఓపిక పట్టండి. గ్లోస్టర్‌లో విసనకర్ర ఆకారంలో రాతి పక్కటెముకలు విచ్చుకున్న నడవాలున్నాయి, పద్నాలుగో శతాబ్దపు పని. హ్యారీ పోటర్ వాళ్లు వచ్చి ఆ నడవాల్లో తాళాలూ స్విచ్చులూ రాయిలా రంగేసిన పలకల వెనక దాచేసి, మంత్రాల బడి చేసేశారు. గుళ్లో మంత్రతంత్రాలేమిటని ఊళ్లో కొందరు గొడవ చేశారు. ఇప్పుడు పిల్లలొచ్చి అడిగేది సినిమాలో నెత్తుటి అక్షరాలు రాసిన గోడ ఎక్కడని. హత్యకి గురైన రెండో ఎడ్వర్డ్ రాజు సమాధి లోపలే ఉంది, వాళ్లు పక్కనుంచే నడిచిపోతున్నారు.

విషయమేమిటంటే, ఈ గ్లోస్టర్‌లో నిజంగానే పట్టాభిషేకం జరిగింది. 1216లో జాన్ రాజు చచ్చిపోయాడు. లండన్ తిరుగుబాటుదార్ల చేతిలో, ఫ్రెంచి యువరాజు చేతిలో ఉంది. వెస్ట్‌మినిస్టర్ వెళ్లే దారి లేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మూడో హెన్రీకి గ్లోస్టర్‌లోనే ఉన్నపళాన కిరీటం పెట్టేశారు. లొకేషన్ దొరక్క డూపు గుళ్లో పని కానిచ్చేయడం సినిమావాళ్లు కనిపెట్టిందేం కాదు. నాలుగేళ్ల తర్వాత, 1220లో, మొదటిది అంతగా కుదర్లేదన్నట్టు వెస్ట్‌మినిస్టర్‌లో మళ్లీ చేశారు. రీషూట్ అన్నమాట. ఆ హెన్రీయే పెద్దవాడయ్యాక, 1245లో, వెస్ట్‌మినిస్టర్ అబ్బేని ఇప్పుడున్న రూపంలో తిరిగి కట్టడం మొదలుపెట్టాడు. హీరోగారికి ఈ గ్లామరంతా ఇచ్చింది డూపు గుళ్లో కిరీటం పెట్టుకున్న కుర్రాడే.

ఇన్నేసి పట్టాభిషేకాలు తీశారు గదా, లింకన్లో, ఈలీలో, యార్క్‌లో. ఒక్కటి గ్లోస్టర్‌కి ఇవ్వొచ్చుగా? వాళ్లు దానికిచ్చింది సన్యాసులు పూర్వం చేతులు కడుక్కునే చోటు పక్కన, రాక్షసుడికి భయపడి ఇద్దరు పిల్లలు నక్కే సీను.