ఎరికా గారి పక్షాన ఒక విన్నపం

2010లో డారెన్ అరొనాఫ్‌స్కీ తీసిన ‘బ్లాక్ స్వాన్’ చిత్రాన్ని మానసిక రుగ్మత కథగా, కొందరైతే ఏకంగా భయానక చిత్రంగా వర్గీకరించడం వల్ల హైదరాబాదులోని బాధ్యత గల తల్లిదండ్రులకు తీరని అన్యాయం జరిగింది. కథానాయిక నీనా న్యూయార్కులో బ్యాలే నర్తకి. ‘స్వాన్ లేక్’లో తెల్లహంసగాను, ఆ హంసలా కనిపించి రాకుమారుణ్ణి మోసగించే నల్లహంసగాను తానొక్కతే నర్తించవలసి రావడంతో ఆమెకు మతి చలించిందట. మన కూచిపూడి అమ్మాయి ఏకాహార్యంలో, అంటే వేషం మార్చకుండా తానొక్కతే, నాలుగు పాత్రలు చూపి, ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడి, రవీంద్రభారతి మెట్లు దిగి, మర్నాడు పొద్దున్నే కోచింగుకు పోతుంది. (1895లో పియెరీనా లెన్యాని నల్లహంస పాత్రలో ఒంటికాలి మీద వరుసగా 32 చుట్లు తిరిగిందని పాశ్చాత్యులు నేటికీ చెప్పుకుంటారు, పళ్ళెం మాట మాత్రం ఎత్తరు.)

అసలు అన్యాయమంతా బార్బరా హెర్షీ పోషించిన తల్లి ఎరికాకు జరిగింది. ఆవిడ చేసిన నేరమేమిటి? కూతురి కోసం తన నాట్యాన్ని మానుకుంది. ఆ సంగతి కూతురు మరచిపోకుండా చూసుకుంది. పిల్ల వీపు గోక్కుంటోందని గోళ్ళు తానే కత్తిరించింది. ప్రధాన పాత్ర దొరికిన రోజున కేకు తెప్పించి, పిల్ల అంత పెద్ద ముక్క వద్దనేసరికి మొత్తం చెత్తబుట్టలో వేయబోయింది. చీటికీ మాటికీ ఫోను చేసింది. ఇవే లక్షణాలున్న తల్లిని కూకట్‌పల్లిలో బంధువులు తమ కోడళ్ళకు ఆదర్శంగా చూపిస్తారు. సినిమా మాత్రం ఆవిడను చూసి జడుసుకోమంటుంది. నీనా చిన్నపిల్ల కాదు కదా అని అడిగేవారున్నారు. ముప్ఫయ్యేళ్ళ సాఫ్ట్‌వేరు ఇంజనీరుకు క్యారేజీ సర్ది, మూత బిగించి, లిఫ్టుదాకా వచ్చి ఇచ్చేదెవరో వారు ఒకసారి చెప్పాలి.

నీనాగా నటించిన నటాలీ పోర్ట్‌మన్‌కు ఉత్తమ నటి ఆస్కారు ఇచ్చారు. ఎరికాకు నామినేషను కూడా దక్కలేదు. ఇందులో వింతేమీ లేదు: అమీర్‌పేట గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీల్లో పిల్ల ఉంటుంది, కోచింగ్ సెంటరు యజమాని ఉంటాడు, తల్లి ఉండదు.

బీటెక్ మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఈ సినిమా చూసిన మర్నాడు, నీనా గదికి లేనిదీ తన గదికి లేనిదీ ఒకటేనని కనిపెట్టి, లోపలి గడియ కావాలని అర్జీ పెట్టుకుంది. ప్రజాస్వామ్యబద్ధంగా చర్చించి కార్పెంటరును పిలిపించాము. ఆయన తలుపును అటూ ఇటూ తిప్పి చూసి, “గడియ లోపల పెట్టమంటారా, బయట పెట్టమంటారా సార్?” అని అడిగాడు. సమాధానం చెప్పడానికి మా ఆవిడ క్యాంపస్ ప్లేస్‌మెంట్లు పూర్తయ్యేదాకా గడువు కోరింది.